చూపు లేని, చూపు తక్కువున్న పిల్లలకు సంగీతం ఎలా మొదలుపెట్టాలి?

"మా పాపకు చూపు లేదు, పాటంటే ప్రాణం, సంగీతంలో చేర్పించవచ్చా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. "చూపు లేని పిల్లవాడు మా క్లాసుకు వచ్చాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అని సంగీతం టీచర్లు అడుగుతారు. "మ్యూజిక్ థెరపీ చేయిస్తే మాటలు వస్తాయంటున్నారు, నిజమేనా?" అన్నది మరో ప్రశ్న. మళ్ళీ మళ్ళీ వచ్చే ఈ ప్రశ్నలకు ఒక్కచోట జవాబు ఉండాలని, కర్ణాటక సంగీతాన్ని ఇంట్లో మొదలుపెట్టి గురువు చేతికి అప్పగించేదాకా చేయవలసిన పనులను వరుసగా రాస్తున్నాను.

రెండు విషయాలు ముందే స్పష్టం చేసుకోవాలి. సంగీతం వల్ల చూపు రాదు. ఫలానా రాగం వింటే కంటి నరాలు బలపడతాయని చెప్పి డబ్బు తీసుకునేవారి దగ్గరికి వెళ్ళకండి. కళ్ళజోడు, కంటి పరీక్షలు, డాక్టరు చెప్పిన మందులు దేని దారిన అవి సాగాలి. రెండోది, "దేవుడు కళ్ళు తీసుకుని గొంతు ఇచ్చాడు" అనే మాట. చూపు లేని పిల్లలందరికీ పుట్టుకతో స్వరజ్ఞానం ఉండదు. మిగతా పిల్లల్లాగే వీరిలోనూ బాగా పాడేవారు, ఓ మోస్తరుగా పాడేవారు, అసలు ఇష్టం లేనివారు ఉంటారు. గదగ్‌లోని వీరేశ్వర పుణ్యాశ్రమాన్ని నడిపిన పంచాక్షర గవాయి, ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయి ఇద్దరికీ చూపు లేదు. 2005లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్న వయొలిన్ విద్వాంసులు ఎం. చంద్రశేఖరన్ గారికీ చిన్నప్పుడే చూపు పోయింది. మన విజయనగరంలో వయొలిన్‌కు పెట్టని కోటగా నిలిచిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు మందం. వీరందరి విషయంలోనూ ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి నేర్పినవారు, కూర్చుని సాధన చేసినవారు ఉన్నారు. దానిని వరమని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ శ్రమకు విలువ లేకుండా పోతుంది, ఇంట్లో ఉన్న పిల్లవాడికి పాఠం చెప్పవలసిన బాధ్యత కూడా తేలికపడిపోతుంది.

కావలసినవి

శ్రుతి కోసం, అంటే పాటకు ఆధారంగా ఆగకుండా మోగే నాదం కోసం, ఎలక్ట్రానిక్ తంబూరా గాని, ఫోనులో తంబూరా యాప్ గాని చాలు. పాఠాలు రికార్డు చేయడానికి మరో ఫోను ఉంటే మంచిది, ఎందుకంటే ఒకే ఫోను శ్రుతీ వినిపించి, రికార్డూ చేయాలంటే చికాకు తప్పదు. పాదాలు నేలకు ఆనే కుర్చీ లేదా చాప, చిడతలు, గజ్జెలు, చిన్న కంజీర, రాళ్ళు పొదిగిన స్టిక్కర్ బొట్టుబిళ్ళలు ఒక అట్ట, చూపు అసలు లేని పిల్లలకు బ్రెయిలీ పలక, దానితో వచ్చే పొడిచే పుల్ల, దళసరి కాగితం, చూపు కొంత ఉన్నవారికి లావు నల్ల స్కెచ్ పెన్ను, మెరుపు లేని కాగితం, పుస్తకాన్ని ముఖానికి ఎదురుగా నిలబెట్టే స్టాండు తెచ్చి పెట్టుకోండి. వాద్యం ఇప్పుడే కొనవద్దు. దాని సంగతి ఆరో మెట్టులో చెబుతాను.

1. ముందు చెవి, కన్ను రెండూ పరీక్ష చేయించండి

కంటి రిపోర్టు మీ దగ్గర ఉంటుంది గాని, వినికిడి పరీక్ష చాలా ఇళ్ళలో చేయించి ఉండరు. తల్లి కడుపులో ఉండగా రుబెల్లా సోకిన పిల్లల్లోను, అషర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య వ్యాధిలోను చూపూ వినికిడీ రెండూ దెబ్బతింటాయి. చెవి కొంచెం మందంగా ఉన్న పిల్లవాడిని శ్రుతి తప్పుతున్నాడని తిట్టడం అన్యాయం కదా, ఆడియాలజిస్టు చేత ఒకసారి పరీక్ష చేయించాకే మొదలుపెట్టండి.

కంటి డాక్టరును వ్యాధి పేరు అడిగి ఊరుకోకుండా, మీకు పాఠంలో పనికివచ్చే ప్రశ్నలు అడగండి: ఎంత దూరంలో ఎంత అక్షరం కనిపిస్తుంది, ఏ వైపు చూపు మెరుగు, వెలుతురు ఎక్కువైతే ఇబ్బందా, తక్కువైతే ఇబ్బందా, ఏ రంగు మీద ఏ రంగు తేలుతుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల చూపు తక్కువున్నవారికి ప్రత్యేక పునరావాస విభాగం ఉంటుంది. ఈ ప్రశ్నలకు జవాబులు అక్కడ ఓపికగా చెబుతారు.

హెచ్చరిక: కనుపాపలు ఊగుతూ ఉండే పిల్లలు కొందరు తల ఒక పక్కకు వంచి చూస్తారు. ఆ కోణంలో ఊగుడు తగ్గి, వారికి బొమ్మ నిలకడగా కనిపిస్తుంది. "తల నిటారుగా పెట్టు" అని సరిచేస్తే ఉన్న చూపును కూడా లాగేసుకున్నట్లే. చదువుతున్నంతసేపు ఆ వంపును అలాగే ఉండనివ్వండి, కంఠస్థం అయ్యాక పాడేటప్పుడు మాత్రం మెడ బిగుసుకోకుండా కూర్చోవడం నేర్పండి.

2. చోటు మార్చకండి

రోజూ ఒకే గది, ఒకే మూల, తంబూరా ఒకే పక్కన ఉండాలి. శ్రుతి ఎప్పుడూ తన కుడి చేతి వైపు నుంచే వినిపిస్తుంటే ఆ పిల్లవాడికి గదిలో ఒక స్థిరమైన గుర్తు దొరుకుతుంది, దాని ఆధారంగా తలుపు ఎటు, నీళ్ళ బిందె ఎటు అన్నది తానే చెప్పగలుగుతాడు. మొదటి రోజున గది అంతా చేతితో తడిమి చూపించండి, మధ్యలో చప్పట్లు కొట్టించండి. ఖాళీ గోడ దగ్గర, బట్టల బీరువా దగ్గర, తెరిచిన తలుపు దగ్గర చప్పట్ల మోత వేర్వేరుగా ఉంటుందని చెప్పకుండానే పసిగట్టే పిల్లలు చాలామంది.

చూపు కొంత ఉన్న పిల్లలను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టండి, వెలుతురు భుజం మీదుగా పుస్తకం మీద పడాలి. టీచరు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే పిల్లలకు ఆమె ముఖం నల్లని నీడగా మాత్రమే కనిపిస్తుంది.

టీవీ, రేడియో, పక్కగదిలో ఫోను, అన్నీ ఆపండి. పాఠం వేళ అనే కాదు, రోజంతా ఇంట్లో ఏదో ఒక పాట మోగుతూ ఉంటే పిల్లవాడికి సంగీతం అబ్బుతుందని అనుకోవడం పొరపాటు. వంటింట్లో మూత పడిన శబ్దం, అమ్మ మెట్టెల చప్పుడు, వీధిలో ఆగిన ఆటో, ఇవే అతనికి ఇంటి పటం. నిరంతరం మోగే పాట ఆ పటాన్ని చెరిపేస్తుంది.

3. మీ మాట మార్చుకోండి

"ఇలా పెట్టు", "అలా కాదు", "ఇటు చూడు" అనే మాటలు ఈ పాఠంలో ఎందుకూ పనికిరావు. "బొటనవేలు కింద, చూపుడువేలు దాని పక్కన" అనండి, "నోరు రెండు వేళ్ళు పట్టేంత తెరువు" అనండి. చేతితో చూపించవలసి వస్తే మీ చేయి కింద ఉండాలి, పిల్లవాడి చేయి మీ చేతి మీద ఆనాలి. పైనుంచి పట్టుకుని కదిపితే అతనికి తెలిసేది మీ పట్టు మాత్రమే, పైగా చాలామంది పిల్లలు చేయి వెనక్కి లాక్కుంటారు. తాకే ముందు "నీ కుడి చేయి పట్టుకుంటున్నాను" అని చెప్పడం మర్యాద మాత్రమే కాదు, అతను ఉలిక్కిపడకుండా ఉండటానికీ అదే మార్గం.

4. శ్రుతి, ఆ తరవాతే స్వరం

మొదటి వారాలు తంబూరా పెట్టి "స" ఒక్కటే పాడించండి. పదేళ్ళలోపు పిల్లలకు చాలావరకు ఐదు, ఐదున్నర శ్రుతి (హార్మోనియం మీద ఐదో తెల్ల మెట్టు, దాని కుడి పక్క నల్ల మెట్టు) సరిపోతుంది, అయినా లెక్కతో తేల్చకుండా కింది "ప", పై "స" రెండూ గొంతు పీక్కోకుండా పలికే శ్రుతిని ఎంచుకోండి. తరవాత "స", "ప", పై "స" మూడూ కుదిరాకే పురందరదాసు ఏర్పరిచారని చెప్పుకునే వరుసలోకి, అంటే మాయామాళవగౌళ రాగంలో స్వరాలను పైకీ కిందికీ పాడే సరళీ వరుసల్లోకి వెళ్ళండి. ఈ పాఠక్రమం గురుముఖతః విని, తిరిగి పాడి నేర్చుకునేదే కాబట్టి, బల్ల మీద రాసి చూపించే మిగతా చదువుల కంటే ఇక్కడ మన పిల్లలకు అడ్డంకులు తక్కువ. ఆ మాటకొస్తే పుస్తకం తెరిస్తే గాని పాడలేని చూపున్న పిల్లలకు వీరి పక్కన కూర్చోవడం మంచి శిక్షణ.

తరచుగా జరిగే తప్పు: పిల్లవాడు వినగానే పట్టేస్తున్నాడు కదా అని ఒకే రోజు నాలుగు వరుసలు చెప్పేయడం. విన్నది విన్నట్లు అప్పగించడం, స్వరం తెలిసి పాడడం వేర్వేరు. సరళీ వరుసను "గ" దగ్గర ఆపి "ఇప్పుడు ఏ స్వరం మీద ఉన్నావు, దీని పైది ఏది?" అని అడగండి. ఠక్కున చెప్పలేకపోతే కొత్త పాఠం వద్దు.

5. తాళం: అసలు చిక్కు ఇక్కడే

ఆది తాళం చూపున్న పిల్లలకు కంటితో వచ్చేస్తుంది. ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఈ ఎనిమిదింటిలో చెవికి స్పష్టంగా వినిపించేవి మూడే: ఒకటోది, ఐదోది, ఏడోది. వేళ్ళ లెక్క నిశ్శబ్దం, విసురు నిశ్శబ్దం. అంటే క్లాసులో ఓ మూల కూర్చున్న చూపు లేని పాపకు ఆది తాళమంటే ఎడం సమానంగా లేని మూడు దెబ్బలు. ఆమె ఆ మూడింటినే కొడుతూ ఉంటే "లయజ్ఞానం లేదు" అని రాసేసిన రిపోర్టులు ఉన్నాయి.

ఇలా నేర్పండి. పాపను మీ పక్కన, మీరు చూసే వైపే చూసేలా కూర్చోబెట్టండి. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. మీ కుడి చేయి మీ తొడ మీద, ఆమె అరచేయి మీ చేతి వెనుకభాగం మీద పెట్టించి తాళం వేయండి. మీ చిటికెనవేలు కదిలినప్పుడు ఆమె చిటికెనవేలి కింద ఆ కదలిక తెలుస్తుంది. విసురు దగ్గర చేయి గాలిలో తిప్పి వదిలేయకుండా, తిరగేసి చేతి వెనుకభాగంతో తొడ మీద మెల్లగా తట్టండి. అరచేతి దెబ్బ ఒక రకం శబ్దం, వెనుకచేతి తట్టు మరో రకం శబ్దం. తన చెవితోనే తన తాళాన్ని సరిచూసుకోవడం ఆమెకు అప్పుడు సాధ్యమవుతుంది. వారం పది రోజులు నోటితో లెక్క చెబుతూ వేయించి, ఆ తరవాత లెక్క ఆపించి, చివరకు సరళీ వరుసతో కలపండి.

చేతులు కుదిరాక కాళ్ళ వంతు. వరండాలో గోడ వెంట నడిపిస్తూ, అడుగుకు తాళంలో ఒక లెక్క చొప్పున, ఎనిమిదో అడుగు తరవాత తిరగమనండి. అడుగులు సమానంగా పడటం, దూరాన్ని అంచనా వేయడం రెండూ ఇందులో అలవాటవుతాయి. చేతికర్ర వాడే పిల్లలైతే కర్రతోనే నడవనివ్వండి, పాఠం పేరుతో దానిని పక్కన పెట్టించవద్దు.

కొందరు పిల్లలు కూర్చున్నచోట ముందుకూ వెనక్కూ ఊగుతుంటారు, లేదా వేళ్ళతో కళ్ళు గట్టిగా నొక్కుకుంటూ ఉంటారు. రెటీనా జబ్బులున్న పిల్లల్లో ఈ నొక్కుకోవడం మరీ ఎక్కువ. అది కంటికి మంచిది కాదు. "చేయి తియ్యి" అని అరవడం వల్ల ఆ అలవాటు పోదు. రెండు చేతులకూ పని ఉన్నంతసేపు, అంటే తాళం గాని, కంజీర గాని నడుస్తున్నంతసేపు, దానంతట అదే ఆగుతుంది. పాఠం మధ్యలో చేయి కంటి వైపు వెళ్ళినప్పుడల్లా ఆ చేతికి చిడతలు ఇవ్వండి.

6. వాద్యం ఎంచుకోవడం

పాట కుదుటపడి, ఆసక్తి నిలిచిందని నమ్మకం కలిగాక వాద్యం గురించి ఆలోచించండి. వీణకు 24 మెట్లు మైనంలో పొదిగి వేలికి స్పష్టంగా తగులుతాయి గనుక చూపు లేని పిల్లలకు అది సహజంగా అనుకూలం, కాకపోతే బరువు, ధర, చిన్న పిల్లల చేతికి అందకపోవడం అడ్డు. వయొలిన్‌కు మెట్లు లేవు, చెవే దిక్కు. అందులో అసలు కష్టం కమాను (తీగల మీద లాగే కర్ర) అడ్డదిడ్డంగా పోకుండా చూసుకోవడం, కాబట్టి పక్కన నిలబడి మోచేతికి దారి చూపే గురువు ఉంటేనే ఎంచుకోండి. కుదురుగా కూర్చోలేని పిల్లలకు మృదంగం గొప్ప వాద్యం.

చాలా ఇళ్ళలో చివరకు కొనేది కీబోర్డు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరు, పలకవు కాబట్టి పాటకు అది పూర్తి ఆధారం కాదు గాని, స్వరస్థానాలు వేలికి తెలియడానికి, పది వేళ్ళూ విడివిడిగా కదలడానికి అది బాగా ఉపయోగపడుతుంది. బ్రెయిలీ చదవబోయే పిల్లలకు ఈ వేళ్ళ సాధన మరింత అవసరం. తెర మీద తాకితే పనిచేసే మోడల్ కాకుండా, నొక్కితే వేలికి తెలిసే బటన్లు, తిప్పే వాల్యూమ్ మరలు ఉన్నదే తీసుకోండి.

మాయామాళవగౌళను కీబోర్డు మీద వేలితో వెతికించే పద్ధతి ఇది. నల్ల మెట్లు ఒకచోట రెండు, ఆ పక్కన మూడు చొప్పున గుంపులుగా ఉంటాయని ముందుగా చేతిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా జరిపించి తెలియజేయండి. రెండు నల్ల మెట్ల గుంపుకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్ల మెట్టు "స". ఆ రెండింటిలో మొదటి నల్లది "రి". ఆ గుంపుకు కుడి పక్కన ఆనుకున్న తెల్లది "గ". దాని పక్కనే, మూడు నల్ల మెట్ల గుంపుకు ఎడమన ఉన్న తెల్లది "మ". ఆ మూడింటిలో మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఇరుక్కున్న తెల్లది "ప". మూడింటిలో నడిమి నల్లది "ద". గుంపు దాటగానే వచ్చే తెల్లది "ని", దాని పక్కదే పై "స". రెండు రోజులు ఇలా వెతికిస్తే పిల్లలే "గ, మ అంటుకుని ఉన్నాయి, ని, స అంటుకుని ఉన్నాయి" అని చెబుతారు. పాడే శ్రుతి వేరైతే మెట్లు మార్చకండి, ట్రాన్స్‌పోజ్ బటన్‌తో శ్రుతి మార్చి వేళ్ళను అక్కడే ఉంచండి.

మధ్య స్థాయి "స" మీద మాత్రం ఒక రాళ్ళ బొట్టుబిళ్ళ అంటించండి. అన్ని మెట్ల మీదా అంటిస్తే పిల్లవాడు బొట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు గాని నల్ల మెట్ల గుంపులను చదవడం నేర్చుకోడు. ఆ ఒక్కటి కూడా కొన్ని నెలల తరవాత తీసేయవచ్చు.

7. రాసుకోవడం

వినికిడితోనే నడిచిపోతుంది, రాత ఎందుకు అని గురువులు కూడా అంటారు. నేను ఒప్పుకోను. తాను నేర్చిన వరుసను తానే రాసుకుని, ఆర్నెల్ల తరవాత తానే తీసి చదువుకోగలిగిన పిల్లవాడు ఇంకొకరి రికార్డింగు మీద ఆధారపడడు.

లూయీ బ్రెయిలీ స్వయంగా పారిస్‌లో ఆర్గాన్ వాయించేవారు, 1829లో వెలువరించిన తన మొదటి పుస్తకంలోనే మాటలతో పాటు సంగీతం రాసే విధానాన్నీ చేర్చారు. ఆ ఆరు చుక్కలతోనే పాశ్చాత్య సంగీత లిపి మొత్తం ఉంది. పిల్లవాడు కీబోర్డు గ్రేడ్ పరీక్షల దారిలో వెళ్ళదలిస్తే అది నేర్చుకోవడం మంచిది. కర్ణాటక సంగీతానికి మాత్రం బడిలో నేర్పే తెలుగు బ్రెయిలీ చాలు. "స రి గ మ" అక్షరాలుగానే రాయించి, పై స్థాయికి ఒక గుర్తు, కింది స్థాయికి ఒక గుర్తు మీరూ గురువూ కలిసి నిర్ణయించి పుస్తకం మొదటి పేజీలో రాయించండి. ఆ మొదటి పేజీ లేకపోతే ఏడాది తరవాత ఆ గుర్తులు ఎవరికీ అర్థం కావు.

బ్రెయిలీ చదవడానికి చేయి కావాలి, తాళానికీ చేయి కావాలి. కాబట్టి చదువుతూ తాళం వేస్తూ పాడమని అడగవద్దు. ముందు ఎడమ చేత్తో ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) చదివించి, కంఠతా వచ్చాక తాళంతో పాడించి, మళ్ళీ తరవాతి ఆవర్తం.

చూపు తక్కువున్న పిల్లలకు కనీసం 18 నుంచి 24 పాయింట్ల లావు అక్షరాలు, పంక్తుల మధ్య ఎడం ఎక్కువ, పేజీకి నాలుగు వరుసలకు మించకుండా రాయండి. పై స్థాయి, కింది స్థాయి స్వరాలకు పెట్టే స్థాయి చుక్కలు వారికి కనిపించవని గుర్తుంచుకుని వాటిని పెద్ద వృత్తాలుగా దిద్దండి. జిరాక్సు పెద్దది చేయించడం తేలిక దారే గాని, పాత పుస్తకంలో మసక అక్షరం పెద్దదైతే పెద్ద మసక అక్షరం అవుతుంది.

8. ఇంటి సాధన, రికార్డింగులు

ఏడేళ్ళలోపు పిల్లలకు పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట మించవద్దు. పాఠం రికార్డు చేసేటప్పుడు ఒక్కో వరుసకు ఒక్కో ఫైలు చేసి, మొదట్లోనే "ఇది జంట వరుసల్లో రెండోది" అని నోటితో చెప్పండి, ఫైలు పేరు కూడా అదే పెట్టండి. ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటరులో ఎన్‌విడిఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్లు ఆ పేరును చదివి వినిపిస్తాయి కాబట్టి పిల్లవాడు మిమ్మల్ని పిలవకుండా తనకు కావలసింది తానే తీసుకుంటాడు. అంకెల పేర్లతో యాభై ఫైళ్ళు ఉంటే అందులోంచి ఏదీ తీసుకోలేడు.

హెచ్చరిక: వినికిడి ఈ పిల్లలకు రోడ్డు దాటడానికి కూడా ఆధారం. పిల్లలకు వారానికి 40 గంటలపాటు 75 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు పక్కన నిలబడి మామూలు గొంతుతో పలకరించండి. వినిపించకపోతే వాల్యూమ్ ఎక్కువైనట్లే. నడిచేటప్పుడు హెడ్‌ఫోన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

9. క్లాసు చాలా, థెరపీ కావాలా?

సంగీతం క్లాసులో లక్ష్యం సంగీతం. థెరపీలో లక్ష్యం వేరే ఉంటుంది, పాట దానికి పనిముట్టు. చేయి చాచడం, వంతు కోసం ఆగడం, మాట కలపడం, కొత్త చోట భయపడకుండా కూర్చోవడం వంటివి ఆ లక్ష్యాలు.

ఉదాహరణకు, చూపున్న పసివాడు నాలుగైదు నెలలకే కనిపించిన బొమ్మకు చేయి చాస్తాడు. కేవలం శబ్దం విని చేయి చాచడం ఏ పిల్లలకైనా అంతకంటే చాలా ఆలస్యంగా, ఏడాది దగ్గరపడే వేళకు వస్తుంది. కాబట్టి చూపు లేని పాప గిలక వినిపించినా కదలకుండా పడుకుంటే మందబుద్ధి అనుకోనక్కరలేదు. గిలకను ఆమె చేతికి తాకించి, వాయించి, ఒక అంగుళం పక్కకు జరిపి మళ్ళీ వాయించి, తానే వెతుక్కునేలా రోజురోజుకూ దూరం పెంచడం థెరపిస్టు చేసే పని. చూసి నేర్చుకుంటే మీరూ చేయవచ్చు.

మరొకటి, మాట. చూపు లేని పిల్లలు కొందరు దాహం వేసినప్పుడు "నీకు నీళ్ళు కావాలా?" అంటారు. అమ్మ ఆ మాట అనగానే నీళ్ళు వచ్చాయి కాబట్టి వారికి నీళ్ళు అడగడమంటే అదే. "నేను", "నువ్వు" తారుమారైన ఈ పిల్లలకు "ఎవరికి కావాలి?" అని ఒకరు పాడితే "నాకు కావాలి" అని మరొకరు పాడే వంతుల పాట బాగా పనిచేస్తుంది, రాగం ఏదైనా ఫరవాలేదు, వంతు ముఖ్యం.

కన్ను బాగానే ఉండి మెదడులో చూపు భాగం దెబ్బతిన్న పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. వీరిలో చాలామంది వింటూ చూడలేరు. పాట మొదలుకాగానే చూపు పక్కకు తిప్పేస్తారు. బొమ్మ చూపించేటప్పుడు పాట ఆపండి, పాట పాడేటప్పుడు బొమ్మ పక్కన పెట్టండి.

థెరపిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎక్కడ శిక్షణ పొందారు, చూపు లేని పిల్లలతో ఇంతకుముందు పనిచేశారా, మూడు నెలల్లో ఏ ఒక్క మార్పు కోసం ప్రయత్నిస్తారు, దాన్ని ఎలా కొలుస్తారు అని అడగండి. "ప్రశాంతత వస్తుంది" అన్నది జవాబు కాదు. స్పీచ్ థెరపీ గాని, బడి గాని మానిపించి దీనిలో చేరమనేవారిని నమ్మవద్దు.

పెద్దలు చేసే తప్పుల్లో నన్ను ఎక్కువగా బాధించేది

నాలుగు పాటలు రాగానే పిల్లవాడిని వేదిక ఎక్కించడం. అతను నోరు తెరవకముందే మైకు పట్టుకున్నవారు "కళ్ళు లేకపోయినా..." అని ఐదు నిమిషాలు ఉపన్యసిస్తారు, సభ కన్నీళ్ళు పెట్టుకుంటుంది, శ్రుతి తప్పినా చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు దేనికో పిల్లలకు త్వరగానే అర్థమవుతుంది. వేదిక తప్పదనుకుంటే పేరు, రాగం, తాళం తప్ప ఇంకేమీ చెప్పవద్దని నిర్వాహకుల దగ్గర ముందే మాట తీసుకోండి, వేదిక మెట్లెన్ని, మైకు ఎటు అన్నది సభ మొదలయ్యే ముందే పిల్లవాడి చేత తడిమించండి.

ఫలితం ఎలా చూసుకోవాలి?

శ్రుతికి: పాడుతుండగా తంబూరా ఆపేయండి. రెండు ఆవర్తాలు అయ్యాక మళ్ళీ పెట్టండి. "స" కలిస్తే శ్రుతి లోపల నిలిచినట్లు.

తాళానికి: మధ్యలో "ఆగు" అనండి, "ఏ వేలు మీద ఉన్నావు?" అని అడగండి. వేలూ స్వరమూ రెండూ చెప్పగలగాలి.

స్వరజ్ఞానానికి: తెలిసిన రాగంలోనే తెలియని నాలుగు స్వరాల ముక్క "అ"కారంలో పాడి, స్వరాలు చెప్పమనండి.

చోటుకు: ఒక రోజు అతన్ని గదిలో వేరే మూల కూర్చోబెట్టి, తంబూరా శబ్దాన్ని బట్టి తన చోటికి తానే నడిచి రమ్మనండి.

నెలకు ఒకసారి ఒకే వరుసను అదే చోట రికార్డు చేసి దాచండి, మూడు నెలలకు వెనక్కి వెళ్ళి వినండి. థెరపీ ఫలితాన్ని మాత్రం థెరపీ గదిలో చూడకండి. అక్కడ వంతు కోసం ఆగిన పిల్లవాడు ఇంట్లో అన్నం దగ్గర ఆగుతున్నాడా, పాటలో "నాకు కావాలి" అన్నవాడు దాహం వేసినప్పుడు అదే అంటున్నాడా అన్నదే లెక్క. మూడు నెలలైనా ఇంట్లో ఏమీ మారకపోతే లక్ష్యం మార్చమని అడగండి. పిల్లవాడు రోజూ ఏడుస్తూ కూర్చుంటుంటే ఆపేయండి; ఈత, చెక్క పని, కంప్యూటరు, కథలు, ఇంకా చాలా ఉన్నాయి.

పరీక్షలు రాయిస్తే

ప్రాక్టికల్‌లో ఇబ్బంది ఉండదు, చిక్కంతా థియరీ పేపరుతోనే. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ముందే తీసి పెట్టుకుని, రాసిపెట్టే సహాయకుడి కోసం దరఖాస్తు ఫీజు కట్టే రోజునే లిఖితపూర్వకంగా అడగండి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం సహాయకునితో రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. వాటి తాజా ప్రతి ఒకటి చేతిలో ఉంచుకోండి. సహాయకునికి సంగీతం తెలియకపోతే స్థాయి చుక్కలు ఎక్కడ పెట్టాలో తెలియక స్వరలిపి ప్రశ్న మొత్తం పోతుంది. పరీక్షకు వారం ముందు పిల్లవాడినీ సహాయకుణ్ణీ కూర్చోబెట్టి, "పైన చుక్కతో స", "కింద చుక్కతో ని", "ఇక్కడ లఘువు (ఆది తాళంలో మొదటి నాలుగు లెక్కలు) అయింది, నిలువు గీత", "ఆవర్తం అయింది, రెండు గీతలు" అని చెప్పి రాయించే అలవాటు చేయండి, రాసింది మీరు చదివి వినిపించి పిల్లవాడి చేత సరిచూపించండి.